షుగరు దాచారంటే చాలదు, కంపెనీయే నిరూపించాలి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఒక పల్లె. మా ఆయనకు రెండెకరాల పట్టా భూమి ఉంది. మరో మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేసేవారు. 2023 మార్చిలో దూరపు బంధువైన ఏజెంటు ద్వారా ఒక ప్రైవేటు కంపెనీలో పది లక్షల జీవిత బీమా తీసుకున్నారు. ఏటా 52 వేలు ప్రీమియం. రెండో ఏడు ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మాక, గడువు దాటిన ఇరవై రోజులకు కట్టాం. 2024 నవంబరులో ఒక రాత్రి ఛాతీ నొప్పి అంటే వరంగల్ తీసుకువెళ్తున్నాం, దారిలోనే ప్రాణం పోయింది. ఆయన వయసు 42. క్లెయిమ్ పెట్టిన ఏడు నెలలకు, 2025 జూన్‌లో తిరస్కరించారు. 2021లో కరోనాతో హనుమకొండలో ఆసుపత్రిలో ఉన్నప్పటి కాగితంలో షుగరు అని ఉందట, అది ప్రపోజల్ ఫారంలో, అంటే పాలసీ కోసం ఇచ్చిన దరఖాస్తులో చెప్పలేదట. కట్టిన ప్రీమియం వెనక్కి ఇస్తామంటూ సంతకం కోసం ఒక కాగితం పంపారు. ఆ ప్రపోజల్ ఫారం ఇంగ్లిషులో ఉంది. ఏజెంటే నింపాడు, మా ఆయన తెలుగులో సంతకం చేశారు. షుగరు స్టెరాయిడ్ల వల్ల పెరిగిందని, తగ్గిపోతుందని అప్పుడు డాక్టరు చెప్పారు. రెండు నెలలు మాత్రలు వాడి ఆపేశారు. రైతు బీమా అయిదు లక్షలు వచ్చింది కాబట్టి ఇంకొకటి రాదని ఊళ్లో అంటున్నారు. అత్తగారు వాటా అడుగుతున్నారు. ఏజెంటు మీద కేసు పెట్టమని మా తమ్ముడు అంటున్నాడు. ఏం చేయాలి?

సమాధానం: అమ్మా, ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. దానిని డిశ్చార్జి వోచర్ అంటారు. ‘ఈ సొమ్ముతో నా క్లెయిమ్ పూర్తిగా పరిష్కారమైంది, ఇకపై నాకు ఏ హక్కూ లేదు’ అనే అర్థం వచ్చే వాక్యం అలాంటి కాగితాల్లో సాధారణంగా ఉంటుంది. లక్షా నాలుగు వేల కోసం దాని కింద సంతకం చేస్తే, రేపు పది లక్షల మాట ఎత్తినప్పుడు అదే తెచ్చి మీ ముందు పెడతారు. ఒకవేళ మీ సంతకం లేకుండానే డబ్బు ఖాతాలో వేస్తే కంగారు పడాల్సిన పని లేదు. ‘ఈ మొత్తాన్ని నా పూర్తి క్లెయిమ్‌కు పరిష్కారంగా నేను ఒప్పుకోవడం లేదు, అభ్యంతరంతోనే ఉంచుకుంటున్నాను’ అని ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.

ఇక మీ కేసు గట్టిదా అంటే, గట్టిదే. తప్పకుండా గెలుస్తారని మాత్రం మాట ఇవ్వలేను. ఎందుకో చెబుతాను.

మీరు పంపిన తిరస్కరణ లేఖ నకలు చదివాను. అందులో ‘మోసం’ అన్న మాట ఎక్కడా లేదు. ‘ముఖ్యమైన ఆరోగ్య సమాచారం వెల్లడించలేదు’ అని మాత్రమే ఉంది. ప్రీమియం వాపసు ఇస్తామంటున్నారు. అసలు కీలకం ఇక్కడే ఉంది. 1938 నాటి బీమా చట్టంలో 45వ సెక్షన్ ఉంది, దాన్ని 2015లో బాగా మార్చారు. పాలసీ జారీ అయి మూడేళ్లు నిండాక, ఏ కారణం చూపించీ కంపెనీ ఆ పాలసీని ప్రశ్నించడానికి వీల్లేదు. చివరికి మోసం జరిగిందని కూడా అనకూడదు. మీవారు ఇరవై నెలలకే పోయారు కనుక ఆ రక్షణ మీకు దక్కలేదు. మూడేళ్ల లోపు కంపెనీకి రెండు దారులున్నాయి. ఒకటి, మోసం అని ఆరోపించడం. రెండోది, మోసం అనకుండా, ఆయుష్షు అంచనాకు ముఖ్యమైన విషయం చెప్పలేదనో తప్పు చెప్పారనో అనడం. ఈ రెండో దారిలో వెళితే కట్టిన ప్రీమియం 90 రోజుల్లోగా తిరిగి ఇవ్వాలి.

పైకి చూస్తే మొదటి దారే మీకు ప్రమాదకరం. నిజంగానే అంతే. మోసం అని అంటే, పాలసీదారు బతికి లేనప్పుడు అది మోసం కాదని చూపించే బరువు కుటుంబం మీద పడుతుంది. మీ కంపెనీ ఆ మాట అనలేదు. రెండో దారి ఎంచుకుంది. ఆ దారిలో నిరూపణ భారం కంపెనీదని చట్టమే చెబుతోంది. ఏం నిరూపించాలి? ‘షుగరు సంగతి ముందే తెలిసి ఉంటే ఈ పాలసీ అసలు ఇచ్చి ఉండేవాళ్లం కాదు’ అని. ఇంకాస్త ఎక్కువ ప్రీమియం వేసేవాళ్లమంటే కుదరదు. అసలు ఇచ్చేవాళ్లమే కాదని చూపించాలి. షుగరు ఉన్నవాళ్లకు అదనపు ప్రీమియం వేసి పాలసీలు అమ్మడం బీమా వ్యాపారంలో రోజూ జరిగే పని. కాబట్టి మీ మొదటి ప్రశ్న ఇదే కావాలి: ‘మీ కంపెనీ షుగరు ఉన్నవారికి ఏ పాలసీ ఇవ్వదా? ఇవ్వకపోతే ఆ నియమం ఎక్కడ రాసి ఉంది, నకలు ఇవ్వండి.’ ఈ ప్రశ్నకు చాలా కంపెనీల దగ్గర చెప్పుకోదగ్గ జవాబు ఉండదు.

కంపెనీ వాదనలో న్యాయం బొత్తిగా లేదనుకోకండి. సంతలో ఎద్దును కొనేవాడు పళ్లు తానే చూసుకుని కొనాలి, అమ్మేవాడు లోపాలన్నీ వల్లించనక్కర్లేదు. బీమా అలాంటి బేరం కాదు. మన ఒంటి సంగతి మనకే తెలుస్తుంది, కంపెనీకి తెలియదు. అందుకే అడిగింది అడిగినట్టు, తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న పరమ విశ్వాస సూత్రం మీద ఈ చట్టమంతా నిలబడింది. 1766లో ఇంగ్లండులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఇచ్చిన తీర్పుతో ఈ సూత్రం స్థిరపడింది. ఆ కేసులో తమాషా ఏమిటంటే, సుమత్రా దీవిలో తానున్న కోటకు శత్రుభయం ఉందని గవర్నరు బీమా చేయించాడు. ఫ్రెంచివారు కోటను పట్టుకున్నారు. కోట బలహీనతలు తనకు చెప్పలేదని బీమా ఇచ్చినాయన డబ్బు ఎగ్గొట్టబోయాడు. అన్నీ చెప్పి తీరాలన్న సూత్రం ప్రకటించిన ఆ న్యాయమూర్తే, తీర్పు మాత్రం బీమా చేయించిన గవర్నరుకు అనుకూలంగా ఇచ్చాడు. బీమా ఇచ్చేవాడికి తెలిసి ఉండాల్సిన, అడిగి తెలుసుకోగలిగిన విషయాలను తర్వాత సాకుగా చూపకూడదన్నాడు. కంపెనీల తరఫువారు ఆ కేసు మొదటి సగాన్ని మహా ఇష్టంగా ఉదహరిస్తారు, రెండో సగం జోలికి పోరు.

మీ విషయానికి వస్తే, తేల్చాల్సింది మీవారికి షుగరు ఉందా లేదా అన్నది కాదు. 2023 మార్చిలో ఫారం మీద సంతకం చేసిననాటికి, తనకు షుగరు ఉందని ఆయనకు తెలుసా? కరోనా చికిత్సలో వాడిన స్టెరాయిడ్లు రక్తంలో చక్కెరను పెంచుతాయని ఏ వైద్యుడైనా చెబుతాడు. డాక్టరు ‘తగ్గిపోతుంది’ అన్నాడు, ఈయన రెండు నెలలు మాత్రలు మింగి ఆపేశాడు. అలాంటి మనిషి రెండేళ్ల తర్వాత ‘నాకు షుగరు జబ్బు ఉంది’ అని ఎందుకు అనుకుంటాడు? ఈ ప్రశ్నకు బలం చేకూరాలంటే కాగితం కావాలి. 2021 తర్వాత ఎక్కడైనా రక్తపరీక్ష చేయించారేమో వెతకండి. ఊరి ఆర్‌ఎంపీ దగ్గర చీటీ ఉన్నా పనికొస్తుంది. ముప్పై దాటినవారికి బీపీ, షుగరు పరీక్షలు చేస్తూ ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఊళ్లలో తిరిగారు కదా, మీ పల్లె దవాఖానాలో ఆయన పేరు మీద ఏం నమోదై ఉందో అడగండి. షుగరు మామూలుగానే ఉందని అక్కడ ఉంటే కంపెనీ కాగితానికి అంతకు మించిన జవాబు లేదు. ఉందని నమోదై, ఆ తేదీ పాలసీకి ముందుదైతే మాత్రం మీ దారి ఇరుకవుతుంది. ఏదైనా సరే, ఫిర్యాదు రాయకముందే ఆ సంగతి మీకు తెలియాలి.

కంపెనీ చేతిలో ఉన్న ఆసుపత్రి కాగితం సంగతి. పడకమీద రోగి ఉన్నప్పుడు పక్కనున్నవాళ్లు చెప్పింది విని ఎవరో రాసుకున్న ‘షుగరు’ అన్న మాట దానంతట అదే రుజువు కాదు. ఏ పరీక్ష మీద రాశారు, ఎవరు రాశారు, ఆ డాక్టరు ప్రమాణపత్రం ఇస్తాడా అన్నవి వినియోగదారుల కమిషన్లు అడుగుతాయి. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇలాంటి కేసే విచారించింది. చనిపోయిన వ్యక్తి తన పాత పాలసీల వివరాలు దాచాడని కంపెనీ ఒక పట్టిక చూపించింది, దానికి తగ్గ పత్రాలు పెట్టలేదు. ఆరోపించినవాళ్లే రుజువు చేయాలని కోర్టు చెప్పి, క్లెయిమ్ చెల్లించమంది.

ఇప్పుడు మీ కేసులో మెత్తటి చోటు. చాలా ప్రపోజల్ ఫారాల్లో ‘గత ఐదేళ్లలో ఆసుపత్రిలో చేరారా? వారం రోజులకు మించి చికిత్స తీసుకున్నారా?’ అన్న ప్రశ్న ఉంటుంది. దాని కింద ఏజెంటు ‘లేదు’ అని కొట్టి ఉంటే, కరోనాతో చేరిన సంగతి చెప్పనట్టే. షుగరు సంగతి తెలియకపోవచ్చు, ఆసుపత్రిలో పడుకున్న సంగతి తెలియకుండా ఉండదు కదా. అయితే తిరస్కరణ లేఖలో కంపెనీ ఆ కారణం రాయలేదు, ఆసుపత్రి కాగితం చేతిలో ఉండి కూడా షుగరు ఒక్కటే రాసింది. లేఖలో రాయని కొత్త కారణాలను కంపెనీ తర్వాత కోర్టులో ఎత్తుకోకూడదని సుప్రీంకోర్టు 2019లో, ఆస్తి బీమాకు సంబంధించిన ఒక కేసులో చెప్పింది. ఆ లేఖే వాళ్లు గీసుకున్న గీత. మీరు ఎక్కడా అబద్ధం చెప్పవద్దు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్లు అనని మాటకు సంజాయిషీ మాత్రం మీ అంతట మీరు రాయకండి.

ఏజెంటు నింపాడు, మా ఆయనకు ఇంగ్లిషు రాదు అన్న వాదన మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. సంతకం చేశాక, చదవకుండా చేశాననడం కుదరదని సుప్రీంకోర్టు 2019లోనే మరో కేసులో తేల్చేసింది. మన పల్లెల్లో పాలసీలు ఎలా అమ్ముడవుతాయో చూసినవాళ్లకు ఆ తీర్పు కఠినంగా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. అయినా మీకు రెండు ఊతాలున్నాయి. పాలసీని కుదిర్చినవాడిని ఒప్పందం ఏర్పడే మేరకు కంపెనీ ఏజెంటుగానే పరిగణించాలని 45వ సెక్షన్ వివరణే అంటోంది. ఇంకొకటి ఫారం చివరి పేజీ. తెలియని భాషలో ఉన్న ఫారాన్ని వేరొకరు నింపితే, ‘విషయమంతా నాకు వివరించారు, అర్థమైంది’ అనే ధ్రువీకరణ అందులో ఉండాలి. పాలసీ పుస్తకంతో పాటు ప్రపోజల్ ఫారం నకలు మీకు వచ్చి ఉండాలి. తీసి చూడండి. ఆ ధ్రువీకరణ గడి ఖాళీగా ఉందా? మీవారి తెలుగు సంతకం పైన ఆ మాటలున్నాయా? వివరించినట్టు సంతకం చేసింది ఎవరు? ఖాళీ గడి దొరికితే దాని ఫోటో తీసి భద్రపరచండి.

మరణానికీ దాచిన జబ్బుకూ సంబంధం లేకపోతే క్లెయిమ్ ఆపకూడదని 2015లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఒకటి ఉంది. వెన్ను నొప్పి దాచిన వ్యక్తి గుండెపోటుతో చనిపోయిన కేసు అది. మీకు ఎవరైనా దాన్ని చూపిస్తే సంతోషించకండి. షుగరుకూ గుండెకూ వైద్యపరంగా చుట్టరికం ఉంది, కంపెనీ లాయరు ఆ మాట వెంటనే అందుకుంటాడు.

ఇరవై రోజుల ఆలస్యం వల్ల ఏ నష్టమూ లేదు. ఏడాది కిస్తీకి ముప్పై రోజుల అదనపు గడువు ఉంటుంది, పాలసీ ఆగిపోలేదు. ఆగిపోయి మళ్లీ బతికించుకుని ఉంటే మూడేళ్ల లెక్క మళ్లీ మొదటికి వచ్చేది.

రైతు బీమా వచ్చింది కాబట్టి ఇది రాదన్న మాట ఊరివాళ్లు ఊహించి అన్నదే. ఇల్లు కాలితే, బండి గుద్దుకుంటే బీమా నష్టాన్ని మాత్రమే పూడుస్తుంది. రెండు కంపెనీల్లో బీమా ఉన్నా రెండు ఇళ్ల ఖరీదు రాదు, నష్టాన్ని వాళ్లిద్దరూ పంచుకుంటారు. మనిషి ప్రాణానికి అలా ఖరీదు కట్టడం కుదరదు గనుక జీవిత బీమాకు ఆ సూత్రం వర్తించదు. ఎన్ని పాలసీలుంటే అన్నీ చెల్లించాల్సిందే. రైతు బీమా 2018 ఆగస్టు నుంచి 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు రైతులకు రాష్ట్ర ప్రభుత్వమే ప్రీమియం కట్టి ఎల్‌ఐసీ ద్వారా నడుపుతున్న సామూహిక బీమా. దానికీ దీనికీ లంకె లేదు. అన్నట్టు, మీవారి బ్యాంకు ఖాతా పుస్తకం ఒకసారి తిరగేయండి. ఏటా మే నెల చివర 436 రూపాయలు కోత పడి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. రెండు లక్షలు వస్తాయి. చాలా ఇళ్లలో ఈ సంగతి తెలియక అడగరు.

ఇక ఎక్కడికి వెళ్లాలి? మొదటి అడుగు కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఉత్తరం. ఇంత రాస్తే చాలు:

‘మీ తిరస్కరణ లేఖ అందింది. నేను ఒప్పుకోవడం లేదు. నా భర్తకు షుగరు జబ్బు ఉందని ఆయనకు తెలియదు. 45వ సెక్షన్ ప్రకారం మీ నిర్ణయానికి ఆధారమైన ప్రతి పత్రం నకలు నాకు పంపండి: ప్రపోజల్ ఫారం, విచారణ నివేదిక, ఆసుపత్రి పత్రాలు, షుగరు ఉన్నవారికి పాలసీ ఇవ్వరాదనే మీ నియమం. నిర్ణయాన్ని పునఃపరిశీలించి పది లక్షలు, ఆలస్యానికి వడ్డీ చెల్లించండి.’

ఆ వడ్డీ మాట ఊరికే రాయలేదు. విచారణ అవసరమైన మరణ క్లెయిమ్‌ను కూడా 45 రోజుల్లో తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ ఆదేశం. వీళ్లు ఏడు నెలలు తీసుకున్నారు. ఆలస్యానికి రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుపై రెండు శాతం కలిపి వడ్డీ కట్టాలి.

నియంత్రణ సంస్థ అంటే ఐఆర్‌డీఏఐ. 1999 చట్టంతో ఏర్పడింది, ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. దాని ‘బీమా భరోసా’ పోర్టల్‌లోనో, 155255 నంబరుకు ఫోను చేసో ఫిర్యాదు నమోదు చేయండి. అక్కడ తీర్పు వస్తుందని మాత్రం అనుకోకండి. ఆ సంస్థ కంపెనీల చేత నియమాలు పాటింపజేస్తుంది, మీ క్లెయిమ్ న్యాయమా కాదా అని తేల్చదు. మీ ఫిర్యాదును కంపెనీకి పంపి, జవాబు ఇచ్చిందో లేదో చూస్తుంది. ఆ నమోదు సంఖ్య తర్వాత పనికొస్తుంది, అంతే.

కంపెనీ నెల రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉన్న బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా తగవులు విని తీర్పు చెప్పే అధికారికి ఫిర్యాదు చేయండి. 50 లక్షల వరకు ఆయన పరిధి. ఫీజు లేదు. లాయర్లను రానివ్వరు, కాబట్టి నాలాంటివాళ్లకు మీరు డబ్బు ఇవ్వనక్కర్లేదు. ఆయన ఇచ్చిన తీర్పు కంపెనీని కట్టేస్తుంది, మిమ్మల్ని కట్టెయ్యదు. నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అందుకే ముందు అక్కడికే వెళ్లమంటాను. ఒక చిక్కు ఉంది: ఇదే విషయం మీద కోర్టులోనో కమిషన్‌లోనో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ ముట్టుకోరు. రెండు చోట్లా ఒకేసారి వేయకండి.

కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోగా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలి. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల గడువు. 2025 జూన్ తేదీ నుంచే రెండు లెక్కలూ వేసుకోండి. అంబుడ్స్‌మన్ దగ్గర గడిచిన కాలం మినహాయిస్తారులే అని నిశ్చింతగా కూర్చోవద్దు. కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే కంపెనీ ఆఫీసు ఏ ముంబయిలో ఉన్నా ఫరవాలేదు. 2019 చట్టం వచ్చాక మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. మీరు కట్టిన ప్రీమియం అయిదు లక్షల లోపే కనుక అక్కడా ఫీజు లేదు. డాక్టరును పిలిచి ప్రశ్నించాల్సి వస్తే ఆ చోటే సరైనది.

అత్తగారి విషయం సున్నితమైనది. నామినీ అంటే డబ్బు తీసుకుని వారసులకు పంచే మనిషి మాత్రమేనని 1984లో సుప్రీంకోర్టు అంది. 2015 సవరణలో 39వ సెక్షన్ మార్చి, భార్యనో పిల్లలనో తల్లిదండ్రులనో నామినీగా పెడితే ఆ సొమ్ము వాళ్లదేనని రాశారు. పాలసీలో నామినీ మీరే అయితే, దాని ప్రకారం ఆ సొమ్ము మీదే. అయినా ఈ సెక్షన్ వారసత్వ చట్టాన్ని పక్కకు నెడుతుందా అన్నదాని మీద కోర్టుల్లో భిన్నమైన అభిప్రాయాలు వచ్చాయి, హిందూ వారసత్వ చట్టంలో తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. కొడుకును పోగొట్టుకున్న ముసలమ్మతో కోర్టుకెక్కడం కన్నా, డబ్బు వచ్చాక ఇంత ఇస్తానని ఇప్పుడే ఇంట్లో ఒక మాట అనుకోవడం మేలని నా సలహా. మీ ఇద్దరూ తగవు పడుతున్నారని తెలిస్తే, వారసత్వ పత్రం తెమ్మని కంపెనీ ఇంకో ఏడాది లాగుతుంది.

‘క్లెయిమ్ ఇప్పిస్తాం, ముప్పై శాతం మాది’ అంటూ వచ్చేవాళ్లను గుమ్మం దాటనివ్వకండి. ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నాం, బోనస్ విడుదల కావాలంటే ఇంత కట్టండి అని ఫోను వస్తే పెట్టేయండి. ఆ సంస్థ ఎవరికీ అలా ఫోను చేయదు.

ఏజెంటు మీద కేసు ఇప్పుడు వద్దని మీ తమ్ముడికి చెప్పండి. ఆ రోజు మీ ఇంట్లో ఏ ప్రశ్న అడిగాడు, ఏది అడగకుండానే ‘లేదు’ అని రాశాడు, కరోనా సంగతి మీవారు చెప్పారా అన్నది చెప్పగల మనిషి అతనొక్కడే. కేసు పెడితే అన్నీ అడిగే రాశానంటాడు. చుట్టరికం ఉంది కదా, ఊళ్లో పెద్దమనిషి ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లి, జరిగింది జరిగినట్టు అఫిడవిట్ ఇమ్మని అడగండి. ఒప్పుకుంటే నోటరీ చేయించి అంబుడ్స్‌మన్ ఫిర్యాదుకు జతచేయండి. ఒప్పుకోకపోతే, పాలసీ తీసుకున్న రోజుల్లో మీవారి ఫోనుకు అతను పంపిన వాట్సాప్ సందేశాలు ఉంటాయి. ఆ ఫోను ఎవరికీ ఇవ్వకండి, నంబరు రీచార్జి ఆపకండి.